గుంతకల్లు బాట, దాని ఛాయ

1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడచిన సంగతిని స్మరించుచు రైల్వేవారు ఏటేట జరుపు వారోత్సవముల నాటికి, అనంతపురపు పీఠభూమిమీద ఎండ ముదిరి, చెరువులు నెఱ్ఱెలు విచ్చి, వేరుసెనగ పెరికిన చేలు ఎఱ్ఱగా, బోడిగా ఆకాశమువంక చూచుచుండును. అట్టి ఒక ఏప్రిల్ మాసమున, నమూనా రైళ్ల ప్రదర్శన జరుగుచున్న ఒక శాలలో, రెండు మడతబల్లలు, ఒక పెద్ద తెర, ఒక కంప్యూటరు, ఇంజను మీటల పోలికగా వడ్రంగిచేత చేయించుకొన్న కొయ్యపెట్టె ఒకటి అమర్చుకొని, రైలు సిమ్యులేటరును అభ్యసించు మా చిన్న సంఘమువారము నలుగురము ఒక మూల కూర్చుంటిమి. చుట్టునున్న బల్లలపై బొమ్మరైళ్లు గుండ్రముగా తిరుగుచుండెను. మా తెరపై మాత్రము గుంతకల్లునుండి అనంతపురమునకు ఒకనాడు నడచిన మీటరుగేజి పాసింజరు, వై.పి. తరగతి ఆవిరి ఇంజనును ముందిడుకొని, పొగ చిమ్ముచు, బయలుదేరుటకు సిద్ధముగా నుండెను. పిల్లలు వరుస కట్టిరి. ఒక్కొక్కరికి పది నిమిషములు. మీట చేతికి చిక్కగానే వారి ముఖములలో వెలుగు చూచుటకే మే మంత దూరము సామాను మోసికొని వచ్చితిమేమో యనిపించినది.

రెండవనాటి మధ్యాహ్నము ఒక వృద్ధుడు మా బల్లయొద్దకు వచ్చి, తాను ఫైరుమనుగా కొలువున చేరి డ్రైవరుగా దిగినవాడనని మాత్రము చెప్పి, ఊతకఱ్ఱపై రెండు చేతులు మోపుకొని చాలసేపు తెరవంక చూచెను. ఇంజనును గూర్చి ఆయన ఒక్క లోపమైనను ఎత్తి చూపలేదు. "ఏం నాయనా, ఖాదరుపేట దాటినాక ఇంత పచ్చగా యాడుండాది? మీరు గీసిండే నేల మాది గాదు" అని మాత్రము మెల్లగా అనెను. నిజమే. చక్రముల కొలతలకు, పొగగొట్టపు వంపునకు, కూతలోని స్వరమునకు నెలల తరబడి శ్రమించిన మేము, నేలవిషయమున మాత్రము సిమ్యులేటరుతోబాటు వచ్చిన ఐరోపా పచ్చికనే పరచి ఊరకుంటిమి. గుంతకల్లు బాటకు ఇంజను ప్రాణమైనచో నేల దాని జన్మకారణము. ఈ నేల ఇట్లు ఎండకపోయి యుండినచో ఈ బాటలలో సగము పుట్టియే యుండవు. ఆ కారణమును విస్మరించి బండిని మాత్రము బొమ్మ కట్టుట ఎంతటి కొరతయో నాకా క్షణమున తట్టినది. ఈ వ్యాసము ఆ పెద్దాయన మాటకు నేనిచ్చుకొను సమాధానము.

మొదట వచ్చినది పెద్దబాట. 1856 జూలై 1వ తేదీన చెన్నపట్టణమందలి రాయపురమునుండి ఆర్కాటు దిక్కునకు దక్షిణాపథమున తొలి ప్రయాణికుల బండిని నడపిన మద్రాసు రైల్వే కంపెనీ, అరక్కోణమునుండి వాయవ్యముగా ఒక శాఖను చీల్చి, రేణిగుంట, కడపలమీదుగా, పెన్న లోయ వెంబడి, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని దాటించి, తుంగభద్రపై వంతెన కట్టి, 1871లో రాయచూరు చేర్చినది. అచ్చట బొంబాయివైపునుండి షోలాపురముమీదుగా వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే పట్టాలు దీనిని కలిసికొన్నవి. అయిదడుగుల ఆరంగుళముల వెడల్పుగల ఆ మార్గము రెండు మహానగరములను కలుపుటకే పుట్టినది. నడుమ నున్న రాళ్లసీమ దానికి దాటవలసిన దూరమే గాని చేరవలసిన తావు గాదు. ఆ దినములలో నేటి అనంతపురము జిల్లా లేదు; ఈ తాలూకాలన్నియు బళ్లారి జిల్లాలోనివి. గుత్తి యొక్కటే అప్పటికి పేరుమోసిన ఊరు: దత్తమండలముల తొలి కలెక్టరై, పిమ్మట చెన్నపట్టణపు గవర్నరైన సర్ తామస్ మన్రో 1827లో పత్తికొండయొద్ద విషూచి సోకి కన్నుమూయగా, ఆయన దేహమును తొలుత ఖననము చేసినది ఆ కోట నీడనే. గుంతకల్లో, సరిహద్దురాయివంటి చిన్నపల్లె.

పట్టాలు వచ్చిన అయిదేండ్లకే ధాత కరువు వచ్చినది. 1876లో ఈశాన్య, నైరృతి ఋతుపవనములు రెండును మొగము చాటువేయగా, ధాత సంవత్సరమున మొదలై ఈశ్వర సంవత్సరమంతయు పీడించిన ఆ క్షామమునందు బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు పడిన పాటు మన ప్రాంతపు ముసలివారి నోట తరతరములు నిలిచినది; బ్రిటిషు ఇండియాలో ఆ కరువువలన గతించినవారు అరకోటికి మించిరని చరిత్రకారులు లెక్కించిరి. ఉపశమన పనులయందు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపులు నిర్ణయించుటయు, అది దేహమును నిలుపుటకు చాలదని చెన్నపట్టణపు శానిటరీ కమిషనరు కార్నిష్ వైద్యుడు గట్టిగా వాదించుటయు ఆ కాలమునందే. మనుష్యుని ఆకలి ఎన్ని ఔన్సులని తూకములతో తర్కించిన ఆ కాగితములను చదువునప్పుడు నాకు కనులు తడియారవు.

రైలు ఆ కరువున ఏమి చేసినది? రెండు విధములుగా చెప్పవలెను. చెన్నపట్టణపు రేవున దిగిన బియ్యము ఈ పట్టాలమీదనే లోనాడునకు వచ్చినది. అది లేకున్నచో చావు మరింత విచ్చలవిడిగా తిరిగియుండును. కాని రైలు స్టేషనువరకే వచ్చును. స్టేషనునుండి పల్లెకు ధాన్యము చేరవలెనన్న ఎడ్లు కావలెను. ఎడ్లు మేతలేక, నీరులేక, మనుష్యులకంటె ముందే నేలకొరిగినవి. కర్నూలు పట్టణమునకు ఆనాడు రైలే లేదు. అచ్చటివారి నోటికి పోవలసిన గింజ ఈ బాటమీది స్టేషన్లలో దిగి, బండ్లకై ఎదురుచూచి, మైళ్లకొలది ఎడ్లబాటన పోవలసినదే. పట్టాలకు చేరువవారికి ఒక కరువు, దూరపువారికి ఇంకొక కరువు. ఈ తారతమ్యమును ఆకళించుకొనియే 1880 నాటి క్షామ విచారణ సంఘము, కరువు తరచుగా సోకు సీమలలో లాభనష్టముల గణన విడిచి, ప్రజారక్షణార్థమే రైలుమార్గములు వేయవలెననియు, అయిదువేల మైళ్ల మార్గము తక్షణావసరమనియు సర్కారునకు నివేదించినది. రక్షకమార్గములని వాటికి పేరు. బేరమునకుగాక గంజికై పుట్టిన ఇనుపదారి అన్నమాట.

ఆ నిర్ణయమునకు ఫలముగా 1882లో ఏర్పడినది సదరన్ మరాఠా రైల్వే. ఆ యేడే బళ్లారినుండి విడివడి అనంతపురము జిల్లాయు వెలసినది. 1870 ప్రాంతమున లార్డు మేయో రాజప్రతినిధిగా నుండగా, వ్యయము తగ్గించుటకై మీటరు వెడల్పుతో సన్నబాటలు వేయుటకు సర్కారు అంగీకరించి యుండెను గదా. క్షామభూములకు ఆ సన్నబాటయే వచ్చినది. పడమట హుబ్బళ్లి, బళ్లారి దిక్కునుండి, తూర్పున నంద్యాల, బెజవాడ దిక్కునుండి వచ్చిన మీటరుగేజి పట్టాలు, దక్షిణమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురములమీదుగా బెంగుళూరు చేరిన మరియొక మీటరుగేజి శాఖ, ఇవన్నియు పెద్దబాటను ఖండించిన చోటు గుంతకల్లు. ఇటు చెన్నపట్టణము, అటు రాయచూరు, ఆ పక్క బళ్లారి, ఈ పక్క నంద్యాల, దక్షిణమున బెంగుళూరు: ఐదు దిక్కులకు బండ్లు పోవు కూడలి. పాకాలనుండి కదిరిమీదుగా వచ్చిన సౌత్ ఇండియన్ రైల్వేవారి శాఖ ధర్మవరముకడ కలిసినది. ఇరువది యేండ్లలోపల, నీటిచుక్కకు ముఖము వాచిన ఒక పల్లె, దక్షిణదేశమున పేరెన్నికగన్న జంక్షనులలో ఒకటియైనది. ఇట్టి ఊళ్లు సాధారణముగా నదులవలన, రాజులవలన, దేవతలవలన పెరుగును. గుంతకల్లు కరువువలన పెరిగిన ఊరు. సమీపముననున్న కసాపురపు నెట్టికంటి ఆంజనేయుని దర్శించుటకు పోవు భక్తులుసైతము ఈనాటికిని ముందు ఈ జంక్షనునే దర్శింతురు.

రెండు వెడల్పుల పట్టాలు ఒకచోట కలియుటలోని కష్టమును నేటివారు ఊహింపజాలరు. పెద్దబాట వ్యాగను సన్నబాటపై పోజాలదు. సన్నబాట వ్యాగను పెద్దబాట కెక్కదు. కనుక చెన్నపట్టణమునుండి వచ్చిన బస్తాను బళ్లారికి పంపవలెనన్న, గుంతకల్లు యార్డులో ఒక బండినుండి దింపి, వీపుపై మోసి, ఇంకొక బండిలో సర్దవలెను. ధాన్యము, ప్రత్తి, వేరుసెనగ, సున్నము, సిమెంటు, మందుసీసాలు, పెండ్లిసామాను అన్నియు ఇట్లే మనుష్యుల వీపులమీదుగా గేజి మారినవి. సర్కారు మైళ్లకు వ్యయము తగ్గించుకొన్నది. ఆ తగ్గిన రూకలను జీవితకాలము వీపుపై మోసినవారు ఈ సీమ కూలీలు. కరువున పైరు పోగొట్టుకొన్న రైతు బిడ్డకు ఆ బస్తాయే అన్నము పెట్టినదన్న మాటయు సత్యమే. రెంటిని కలిపి చెప్పినగాని గుంతకల్లు అర్థము కాదు.

నీటిమాట సరేసరి. ఆవిరి ఇంజను బొగ్గుకంటె నీటినే ఎక్కువగా త్రాగును. ఏటికి 550 మిల్లీమీటర్ల చేరువ వాన కురియు సీమలో, బావినీరు లవణములతో గట్టిపడియుండగా, ఆ నీటితో బాయిలరు నింపినచో గొట్టములలో సున్నపు పొర పేరుకొని, వేడి అందక, మాటిమాటికి కడిగింపవలసి వచ్చును. ఎచ్చట ఇంజను నీరు పట్టునో అచ్చట స్టేషను పెట్టిరి. ఎచ్చట స్టేషను పెట్టిరో అచ్చట ఊరివారు బిందెలతో వచ్చిరి. నీటిస్తంభపు తోలుగొట్టమునుండి జారిపడు నీటికై ఆడువారు కాచుకొనియుండు దృశ్యము మా బాల్యమున రైలు ప్రయాణమున ఒక భాగము.

ఈ బాటమీది చరిత్రలో మరవరాని పేరు ఒకటి కలదు. 1893 అక్టోబరు 4వ తేదీన గుంతకల్లు చెంత, తెల్లసైనికులు వెంటబడగా పరుగెత్తివచ్చిన ఇద్దరు స్త్రీలు రైల్వే గేటు గుమ్టీలో తలదాచుకొనిరి. గేటు కాపరి హంపన్న వారికి అడ్డము నిలిచెను. సైనికుని తుపాకిగుండు తగిలి అతడు ప్రాణము విడిచెను. గుత్తిలో న్యాయవాదియై, 1885లో బొంబాయిన జరిగిన తొలి కాంగ్రెసు సభకు హాజరైన పి. కేశవపిళ్లె ఆ దారుణమును లోకమునకు వెల్లడించి, నేరగానికి శిక్షపడవలెనని పట్టుబట్టి పోరాడెను. అయినను చెన్నపట్టణపు హైకోర్టులో ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యెను. న్యాయస్థానము చేయలేని పనిని జనులు తమ చేతనైనంత చేసిరి: చందాలు పోగుచేసి హంపన్నకు స్మారకమును నిలిపిరి. జమీందారులు, కలెక్టరులు, సేనానాయకులు రాతిపలకలకెక్కిన ఆ కాలమున, నెలకు కొద్ది రూపాయల జీతగాడైన ఒక గేటు కాపరి పేరు రాతిపై చెక్కబడుట సామాన్యమా? గేటు మూసి తెరచుట అతని యుద్యోగము. ఆ దినమున అతడు తెరువని తలుపు మాత్రము చరిత్రలో మూతపడలేదు.

1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే ఒకటై మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారినవి. స్వతంత్రము వచ్చిన పిదప, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడగా గుంతకల్లు అందులోనికి పోయినది. 1956లో డివిజను కేంద్రమైనది. 1977 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వేకు మారినది. పరిపాలన చేతులు మారినను బాటమీది పని తీరు చాలకాలము మారలేదు. ఒంటి పట్టామార్గమున ఎదురెదురుగా బండ్లు ఢీకొనకుండ టోకెను పద్ధతి నడచుచుండెను: ఒక స్టేషనునుండి మరియొక స్టేషనువరకు పోవుటకు డ్రైవరు చేతిలో ఇనుపబంతి టోకెను ఉండవలెను, ఆ బంతి ఒకటి యంత్రమునుండి బయటికి వచ్చినచో, ఆ నడుమ రెండవ బంతి వెలువడకుండ రెండు స్టేషన్ల యంత్రములు ఒకదానినొకటి కట్టడి చేసికొని యుండును. ఆగని బండికి, బంతిని తోలుసంచిలో పెట్టి, బెత్తపు వలయమునకు తగిలించి, పాయింట్స్‌మన్ పట్టుకొని నిలుచుండును. ఫైరుమను వంగి చేయిచాచి, ఆ వలయమును భుజమునకు తగిలించుకొని, పాతదానిని విసరివేయును. సిగ్నలు కైమరము రెక్క వాలినంతనే కూత. రాత్రివేళ ఆ రెక్క స్థానమున చిరుదీపము. ఆ దీపమునకు ప్రతి సాయంకాలమును నిచ్చెన నెక్కి చమురు పోయు మనుష్యుడు. యంత్రమని మనము తలచునదంతయు ఇట్టి చేతుల వరుసయే.

ఆ చేతులు ఒక్కొక్కటిగా తప్పుకొన్నవి. డీజిలు వచ్చినది, గుత్తిలో డీజిలు షెడ్డు వెలసినది, ఆ వెనుక తీగలు, విద్యుత్తు. 1992లో దేశమంతట ఒకే గేజి యుండవలెనని చేపట్టిన యూనీగేజి పథకము వలనను, దానికి మునుపును తరువాతను జరిగిన మార్పుల వలనను గుంతకల్లు చుట్టునున్న సన్నబాటలన్నియు పెద్దబాటలైనవి. 2000లో ధర్మవరము, పెనుకొండల నడుమ పుట్టపర్తిమీదుగా క్రొత్తబాట పడి, ప్రశాంతి నిలయము స్టేషను వెలసినది. గేజి మార్పిడి గొప్ప మేలు. బస్తాలు మోయు వీపులకు విశ్రాంతి. దానిని నేను కాదనను. కాని ఒకనాటి యార్డు, ఆ నీటిస్తంభములు, ఆ బంతి టోకెనులు, ఆ పొట్టిబోగీలు, సన్నబాట యొక్క ఒయ్యారపు మలుపులు, ఇవన్నియు ఒక తరము కళ్లయెదుట పాతయినుముగా తూకమునకు పోయినవి. పుస్తకములలో తేదీలు మిగిలినవి, అనుభవము మిగులలేదు.

అందుచేతనే నమూనాకారులు నాకు ఆప్తులు. అనుకరణము నీచమైన కళయని ఎవరైన అన్నచో వారు మా సీమ తోలుబొమ్మలాటను చూచి యుండరు. ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంటలో మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి, తెరవెనుక దీపము వెలిగించి రామాయణమును నడపిన కళాకారులు తరతరములుగా కలరు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. తెరపై కదలునది తోలని ఎఱిగియు సీతమ్మ కష్టమునకు కన్నీరు పెట్టినవారు మన ముత్తవ్వలు. ఒకరి చొక్కా చెంగు నొకరు పట్టుకొని వీథివెంట కూతలిడుచు పరుగెత్తిన పిల్లలది మొట్టమొదటి రైలు అనుకరణము. పెద్దలును దీనిని పరిహాసముగా తీసికొనలేదు: లండనులో నమూనా రైలు సంఘము 1910లో స్థాపింపబడినది, ఆ తరువాత రెండేండ్లకు లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేవారు సిగ్నలు పని నేర్పుటకై ఒక నమూనా మార్గమునే నిర్మించి, దానిపై తమ పనివారిని శిక్షణకు కూర్చుండబెట్టిరి. మన దేశమునను పూనాలో జోషిగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి నడచుచున్నది. రైల్వే శిక్షణకేంద్రములలో నేడు లోకో పైలట్లు నిజమైన ఇంజను నెక్కుటకు ముందు సిమ్యులేటరుపై చేయి తిప్పుచున్నారు. ఆట, పాఠము ఒకే గర్భమున పుట్టినవి.

ఇక నమూనాకు, సిమ్యులేటరునకు గల భేదము చెప్పవలెను. ప్రదర్శనలో మమ్మడిగినవారిలో సగము మంది అడిగినది ఇదియే. బల్లపై రైలు కట్టువారికి గదియే శత్రువు. లోకమున విరివిగా వాడుకలోనున్న 1:87 ప్రమాణమున, సుమారు 70 కిలోమీటర్ల గుంతకల్లు, అనంతపురముల దూరమును ఉన్నదున్నట్లు పరచవలెనన్న ఎనిమిదివందల మీటర్ల శాల కావలెను. కనుక నమూనాకారుడు ఒక స్టేషనును, ఒక మలుపును, ఒక వంతెనను ఏరుకొని, మిగిలినది చూపరుల మనస్సునకు విడిచిపెట్టును. అందును గుంతకల్లును కట్టదలచినవానికి రెట్టింపు కష్టము. 1:87 లో మీటరుబాట 12 మిల్లీమీటర్లకు ఇంచుక తక్కువ, పెద్దబాట 19 మిల్లీమీటర్లకు పైబడి వచ్చును. రెండు వెడల్పులను ఒకే యార్డులో చేర్చుటకు చేతిపని తప్ప అంగడిలో దొరకు సరుకు చాలదు. సిమ్యులేటరు దానికి విరుద్ధము: దూరమున కది వెరవదు. పట్టాల ఎత్తుపల్లములు, మలుపుల వ్యాసార్ధములు, కైమరముల తావులు, బండి బరువు, ఆవిరి పీడనము, వాక్యూం బ్రేకు చర్య, ఇవన్నియు లెక్కలుగా దాని కెక్కించినచో, అనంతపురముకంటె ఎన్నో వందల అడుగులు ఎత్తుననున్న హిందూపురమునకు ఎక్కునప్పుడు ఇంజను ఎట్లు ఆయాసపడునో చేతికి తెలియజేయును. కాని దానిని ముట్టుకొనుటకు వీలులేదు. వేడి యిడదు, బొగ్గు వాసన రాదు.

మైక్రోసాఫ్ట్ సంస్థవారి ట్రైన్ సిమ్యులేటరు 2001లో వెలువడినప్పుడు అందు ఆరు మార్గములుండెను: అమెరికావి రెండు, జపానువి రెండు, ఇంగ్లండుది ఒకటి, ఆస్ట్రియాది ఒకటి. ప్రపంచమునందలి మహత్తరమైన రైలు వ్యవస్థలలో ఒకటైన మనదానికి అందు తావులేదు. మన దేశపు అభిమానులు దానికి చిన్నబుచ్చుకొని ఊరకుండలేదు. డబ్ల్యూ.డి.ఎం.-2 వంటి మన ఇంజనులను, మన నీలిబోగీలను, మన స్టేషను పలకలను, ఉద్యోగములనుండి ఇల్లు చేరిన రాత్రివేళల, పైసా ప్రతిఫలము లేక, తామే గీసి, కొలిచి, నిర్మించి, ఒకరికొకరు పంచుకొనిరి. పరాయివారు నేసిన తెరమీద మన బొమ్మ నాడించిన ఆ అభిమానుల శ్రద్ధయందు నాకు నిమ్మలకుంటవారి సూదిమొన కనుపించును.

అయినను మేము చేసిన తప్పే అందరును చేయుచుందురు. ఇంజను ముందు వచ్చును, నేల చివర. పచ్చిక, దేవదారు చెట్లు, పొగమంచు కొండలు, ఇవి యంత్రముతోడనే దొరకును, తుమ్మ, కానుగ, జిల్లేడు, తెల్లదుమ్ము పట్టిన కలబంద కంచె, కరువుపనిలో త్రవ్విన గుంతలు వరుసగా కట్టవెంట నిలిచిన తీరు, ఇవి దొరకవు, కూర్చుండి గీయవలెను. ఆనాటి రక్షకమార్గముల కట్టలకు ఇరువైపుల మన్ను తీసిన గుంతలు నేటికిని వాననీటికి చిన్నచిన్న మడుగులగును. ఎవరి చేతులు, ఎంత కూలికి, ఏ ఆకలిలో ఆ మన్నెత్తినవో ఎఱిగినవానికి ఆ గుంత వట్టి గుంతగా కనుపింపదు. ప్రతిరూపము సత్యము కావలెనన్న ఆ గుంతకు కూడ తెరపై తావీయవలెను.

వృద్ధుడు మా బల్లయొద్దకు వచ్చిన నాటి రాత్రి మేము నిద్రపోలేదు. పచ్చికను తుడిచివేసితిమి, ఎఱ్ఱమట్టిని, నల్లరేగడి చారలను, రాతిగుట్టలను నింపితిమి. నీటిస్తంభమును స్టేషనుకు సరియైన వైపునకు మార్చితిమి. బస్తాల గుట్టలు, వాటి నీడన కూర్చున్న కూలీల బొమ్మలు రెండు మూడు, తెల్లవారుజామున చేర్చగలిగితిమి. ఊరు దాటినపిమ్మట పట్టాలకు అడ్డుగా బండిబాట వచ్చుచోట, ఒక గేటును, దాని పక్క రాతిగుమ్టీని, దాని ముందు నిలుచున్న ఒక మనిషిని పెట్టితిమి. ఆ మనిషికి పేరు వ్రాయలేదు. మా నలుగురికి తెలిసినది చాలుననుకొంటిమి.

మూడవనాడు ఆ పెద్దాయన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చెను. వరుసలోని పిల్లలు అడుగకయే జరిగి ఆయనకు కుర్చీ విడిచిరి. కొయ్యపెట్టెపై చేయివేసి, ఎడమచేత బ్రేకు, కుడిచేత రెగ్యులేటరు, మాకెవరికిని రాని నిదానముతో ఆయన బండిని గుంతకల్లు ప్లాటుఫారమునుండి కదల్చెను. తెరపై ఎఱ్ఱనేల వెనుకకు జరుగుచుండెను. "ఇప్పుడు మాదే" అనెను, మనుమరాలితో, మాతో కాదు. ఖాదరుపేట యింకను చాల దూరమున నుండగా, మలుపు తిరిగి గేటు కనుపించినది. అచ్చట కూత వేయవలెనని మేము చెప్పలేదు, తెరపై పలకయు పెట్టలేదు. ఆయన చేయి తానే పైకి లేచి తాడును లాగినట్లు గాలిలో వంగి, పిదప మీటను కనుగొని నొక్కినది. గేటు దాటువరకు, శాలలోని బొమ్మరైళ్ల చప్పుడంతటిని ముంచివేయునంతటి దీర్ఘమైన కూత.